సమరయ దారిలో నేర్చుకొన్న స్వభావం

గలతీయులకు వ్రాసిన పత్రికలోని ఆత్మఫలాన్ని చూడకుండా చెప్పగల విశ్వాసులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము అని తొమ్మిదింటినీ వరుస తప్పకుండా చెబుతాం. వాటిని మాకు దయచేయమని ప్రార్థనలో అడుగుతాం కూడా. అయినా ఏళ్ళు గడిచిన తరువాత కూడా మన కోపం మునుపటిలాగే లేస్తూ, మన మాట మునుపటిలాగే గుచ్చుతూ ఉండడం ఎందరినో లోలోపల కుంగదీస్తుంది. ప్రార్థన చాలలేదు కాబట్టే ఇలా జరుగుతోందని తేల్చివేయడం నాకు సరిగా తోచదు, ఎందుకంటే ఎంతో ప్రార్థించేవారిలోనూ ఈ బాధ ఉంది. ఈ ప్రశ్న మనస్సులో పెట్టుకొని లేఖనాలు చదివిన కొద్దీ నాలో బలపడిన అభిప్రాయం ఇది: మనం సద్గుణాలను వాటి పేర్లతో అడుగుతాం, దేవుడు వాటిని ఒక మనిషి దగ్గర, ఒక పనిలో, ఒక గడియలో నేర్పిస్తాడు. ఆ మనిషీ ఆ పనీ సాధారణంగా మనం తప్పించుకోవాలని చూసేవే అయి ఉంటాయి.

అపొస్తలుడైన యోహానులో ఇది ఎంత స్పష్టంగా కనిపిస్తుందో గమనించండి. ప్రేమను గురించి బోధించినవాడుగా సంఘం అతణ్ణి జ్ఞాపకం చేసుకొంటుంది. సువార్తలలో మొదట ఎదురయ్యే యోహాను మాత్రం అలాంటివాడు కాడు. అతనికీ అతని సహోదరుడైన యాకోబుకూ యేసు ‘ఉరిమెడువారు’ అని పేరు పెట్టాడని మార్కు సువార్త మూడవ అధ్యాయం చెబుతుంది. లూకా సువార్త తొమ్మిదవ అధ్యాయంలో అతని మాటలు రెండు వెంటవెంటనే వస్తాయి. తమతోకూడ వెంబడించనివాడొకడు యేసు పేరట దయ్యములను వెళ్ళగొట్టడం చూసి ఆటంకపరిచామని చెప్పినది మొదటిది. యేసు యెరూషలేముకు వెళ్తున్నాడని తెలిసి, యూదులతో సాంగత్యం లేని సమరయుల గ్రామమొకటి ఆయనను చేర్చుకోకపోయినప్పుడు, ఆకాశం నుండి అగ్ని దిగి వీరిని నాశనం చేసేలా మేము ఆజ్ఞాపించమంటావా అని సహోదరునితో కలిసి అడిగినది రెండవది.

ఈ రెండవ మాటను మనం తొందరపడి దాటిపోకూడదు. ఆ కోపానికి లేఖనాధారం ఉందని వారు అనుకొని ఉండవచ్చు. రాజుల రెండవ గ్రంథం మొదటి అధ్యాయంలో, సమరయలో ఏలిన అహజ్యా పంపిన అధిపతుల మీదికి ఏలీయా మాటతో ఆకాశం నుండి అగ్ని దిగింది. అంటే యోహాను తన క్రోధాన్ని క్రోధమని ఎంచలేదు, దేవుని పక్షాన నిలబడే రోషమని ఎంచాడు. మన స్వభావంలో అన్నిటికంటె ఆలస్యంగా మారేవి, వాక్యపు వస్త్రం కప్పుకొని తిరిగే ఇటువంటి దుర్గుణాలేనని నేను నమ్ముతున్నాను. కటువుగా మాట్లాడేవాడు తాను సత్యం కోసం నిలబడ్డానంటాడు, పిసినారితనం ఉన్నవాడు గృహనిర్వాహకత్వమంటాడు, ఇతరుల సంగతులు మోసుకు తిరిగేవాడు ప్రార్థన చేయడానికే చెబుతున్నానంటాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ అగ్ని మాటకు ముందే యేసు సుఖారు అనే సమరయ ఊరి దగ్గర బావి మీద కూర్చొని ఒక స్త్రీతో మాట్లాడాడు. ఆ ఊరివారు వేడుకొనగా రెండు దినములు అక్కడ ఉన్నాడు. శిష్యులు ఆయనతోనే ఉన్నారు. సమరయులు యేసును విశ్వసించడం వారు కళ్ళారా చూశారు. అంత చూసినా తమకు తిరస్కారం ఎదురైన రోజున వారి నోటికి వచ్చింది అగ్ని మాటే. మంచి ప్రసంగం వినడం, ఉజ్జీవ కూడికలో కన్నీళ్ళు పెట్టుకోవడం, దేవుని కార్యాన్ని దగ్గరగా చూడడం ఎంతో విలువైనవి, అయితే వాటివల్లనే స్వభావం మారిపోతుందని అనుకొనేవారు ఈ వరుసను శ్రద్ధగా చదవాలి.

ఆ తరువాత ప్రభువు ఏమి చేశాడు? గద్దించాడు, మరొక గ్రామానికి వెళ్ళాడు. పాఠం అక్కడితో ముగియలేదు. తరువాతి అధ్యాయంలోనే, దొంగల చేతిలో చిక్కి కొన ప్రాణంతో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుని ఉపమానం ఉంది. పదిహేడవ అధ్యాయంలో శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి కృతజ్ఞత చెల్లించినవాడు సమరయుడు. పునరుత్థానం తరువాత, ఆరోహణానికి ముందు పలికిన ఆజ్ఞలో యెరూషలేము, యూదయ అన్న వెంటనే సమరయ అనే మాట వినిపిస్తుంది. చివరకు అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో, సమరయవారు దేవుని వాక్యం అంగీకరించారని విని యెరూషలేములోని అపొస్తలులు ఇద్దరిని అక్కడికి పంపారు. ఒకడు పేతురు, ఇంకొకడు యోహాను. ఒకప్పుడు ఎవరి మీదికి ఆకాశం నుండి అగ్నిని రప్పించాలనుకొన్నాడో ఆ ప్రజలు పరిశుద్ధాత్మను పొందేలా అతడు ప్రార్థించాడు, వారి మీద చేతులుంచాడు. తిరిగి వెళ్తూ సమరయుల అనేక గ్రామాలలో పేతురుతో కలిసి సువార్త ప్రకటించాడు. ప్రేమను నేర్చుకోవడానికి ప్రభువు అతణ్ణి తేలికగా ప్రేమించదగినవారి దగ్గరికి పంపలేదు. అతని కోపం ఎక్కడ రగిలిందో అక్కడికే మరల మరల అతని దృష్టిని తిప్పాడు, ఆఖరికి అతని కాళ్ళను కూడా అక్కడికే నడిపించాడు.

ఇలా మారినవాడు తన సహజ తీవ్రతను పోగొట్టుకొన్నాడా అని అడిగేవారుంటారు. సంఘ పరంపర యోహానువిగా చెప్పే పత్రికలు చదివితే ఆ తీవ్రత పోలేదని తెలుస్తుంది. దేవుని ప్రేమిస్తున్నానని చెప్పి సహోదరుని ద్వేషించేవాడు అబద్ధికుడని అక్కడ నిర్మొహమాటంగా వ్రాసి ఉంది. ఉరిమే స్వరం అలాగే ఉంది, కాని అది ఇప్పుడు ద్వేషం మీద ఉరుముతోంది. దేవుడు మన స్వభావాన్ని తీర్చిదిద్దేటప్పుడు అందరినీ ఒకే మెతక మనుషులుగా చేయడు. మాట తక్కువగలవాణ్ణి వాచాలుడిగా మార్చడం గాని, చురుకైనవాణ్ణి మందకొడిగా మార్చడం గాని పరిశుద్ధత కాదు. పుట్టుకతో వచ్చిన ఆ శక్తి ఎవరి చేతికింద పనిచేస్తుంది అన్నదే విషయం.

కాబట్టి ‘ప్రభువా, నాకు సహనం ఇవ్వు’ అనే ప్రార్థనకు రెండవ వాక్యం ఒకటి జతచేయాలని నేను బోధించే బైబిలు తరగతిలో తరచుగా చెబుతుంటాను. ఎవరి దగ్గర? ఏ సమయంలో? పరిచయం లేనివారితో ఎంతో నెమ్మదిగా మాట్లాడే మనిషి వయసు మళ్ళిన తండ్రి ఒకే సంగతిని మళ్ళీ అడిగినప్పుడు విసుక్కొంటూ ఉండవచ్చు. అతనికి సహనం లేదని చెప్పలేం. ఉన్న సహనం ఆ ఒక్క గుమ్మం దగ్గర ఆగిపోతోంది. డబ్బు లెక్కలో పైసా తేడా రానివ్వని ఉద్యోగి, తోటివాడు చేసిన పనికి పై అధికారి తనను మెచ్చుకొన్నప్పుడు మౌనంగా ఉండిపోవచ్చు. ఆమె యథార్థతకు పరీక్ష లెక్కల పుస్తకంలో లేదు, ఆ మౌనంలో ఉంది. సంఘంలో అందరికీ వండి వడ్డించే పరిచారకురాలు తన తోడికోడలికి దక్కిన గౌరవాన్ని చూసి రాత్రంతా నిద్రపట్టక దొర్లుతూ ఉండవచ్చు. ఈ మనుషులలో ఎవరూ దుష్టులు కారు. ఒక్కొక్కరికీ ఒక సమరయ ఉంది, అంతే. దాని పేరు దేవుని ఎదుట చెప్పుకొన్నప్పుడే ఆత్మఫలమనే మాట కంఠస్థం నుండి జీవితంలోకి దిగుతుంది.

ఇక్కడ ఎప్పుడూ ఒక సందేహం వస్తుంది. ఫలం ఆత్మది అయినప్పుడు ప్రయత్నం మనదెలా అవుతుంది? తీగెలో నిలిచి ఉంటేనే కొమ్మ ఫలిస్తుందని, ‘నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు’ అని ప్రభువే చెప్పాడు గదా. నిజమే. ఆ ప్రభువు శిష్యుడైన పేతురు తన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే పెట్టాడు. జీవమునకును భక్తికిని కావలసినవన్నీ దేవుని దివ్యశక్తి మనకు దయచేసిందని మూడవ వచనంలో చెప్పి, ఆ హేతువుచేతనే పూర్ణజాగ్రత్తగలవారై విశ్వాసమునందు సద్గుణమును, సద్గుణమునందు జ్ఞానమును, జ్ఞానమునందు ఆశానిగ్రహమును అమర్చుకొనుడని అయిదవ వచనం నుండి ఆజ్ఞాపిస్తాడు. దేవుడు ఇచ్చాడు కాబట్టి మీరు ఊరకుండండి అని అతడు వ్రాయలేదు, ఇచ్చాడు కాబట్టే జాగ్రత్తపడండి అని వ్రాశాడు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో పౌలు కూడా అదే తర్కం చెబుతాడు: మీరు కొనసాగించుకొనండి, ఎందుకంటే మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే. ‘దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము’ అని తిమోతికి వ్రాసిన మాట కృపకు వ్యతిరేకమైనది కాదు. కృపను నమ్మినవాడే ధైర్యంగా సాధకం చేయగలడు, ఎందుకంటే ఈ రోజు తప్పిపోయినా అతని రక్షణ ఊగిసలాడదు.

పౌలు తన సంతృప్తిని గురించి చెప్పిన మాట కూడా నాకు ఎంతో ధైర్యమిస్తుంది. ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో సంతృప్తి కలిగి ఉండడం ‘నేర్చుకొని యున్నాను’ అన్నాడు. అపొస్తలుడు నేర్చుకొన్నాడు. అది అతనికి దమస్కు దారిలో ఒక్కసారిగా వచ్చిపడలేదు.

సాధకం అంటే ఏమిటో ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం కన్నా సూటిగా చెప్పిన భాగం లేఖనాలలో నాకు కనబడలేదు. ప్రాచీన స్వభావాన్ని వదలుకోవాలని, నవీన స్వభావాన్ని ధరించుకోవాలని చెప్పిన తరువాత పౌలు ఒక్కొక్క దుర్గుణం దగ్గర ఆగి, దాని చోట ఏది రావాలో కూడా చెబుతాడు. దొంగిలించేవాడు దొంగతనం మానితే చాలునని అతడు అనలేదు. తన చేతులతో కష్టపడి పనిచేయాలి, అదీ అక్కరగలవానికి పంచిపెట్టడానికి వీలు కలిగేలా చేయాలి అన్నాడు. తీసుకోవడానికి అలవాటుపడిన చేయి ఇవ్వడానికి అలవాటుపడేదాకా ఆ మనిషిలో పని పూర్తి కాలేదని దీని భావం. దుర్భాష మానడంతో నోరు బాగుపడదు, వినేవారికి మేలు కలిగించే అనుకూలమైన మాట ఆ నోట రావాలి. ద్వేషం విసర్జించడంతో హృదయం బాగుపడదు, కరుణాహృదయంతో ఒకరినొకరు క్షమించాలి.

మనలో చాలామంది సగం దారిలో ఆగిపోవడం నేను గమనించాను. ఒకరితో గొడవపడకూడదని తీర్మానించుకొంటాం, గొడవపడడం మానేస్తాం, దానితోపాటు మాట్లాడడం కూడా మానేస్తాం, అదే సమాధానమనుకొంటాం. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య దగ్గర ఇలా జరగలేదు. ఇకమీదట అన్యాయంగా వసూలు చేయను అని మాత్రమే అతడు చెప్పి ఉంటే అది మంచి తీర్మానమే అయ్యేది. అతడు తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తున్నానని, ఎవని దగ్గరైనా అన్యాయంగా తీసుకొని ఉంటే నాలుగంతలు చెల్లిస్తానని లేచి నిలబడి చెప్పాడు. డబ్బు దగ్గర బలహీనుడైన మనిషి డబ్బు దగ్గరే ఉదారుడయ్యాడు. ఒకరిని తరచుగా తగ్గించి మాట్లాడే అలవాటు నాకు ఉంటే, నేను చేయవలసినది ఆ మనిషిని గురించి నోరు మూసుకోవడంతో ఆగదు. అతనిలో మెచ్చుకోదగినది వెతికి, నలుగురిలో, నిజాయితీగా, అతిశయోక్తి లేకుండా చెప్పాలి. మొదట్లో అది నాలుక మీద బరువుగా ఉంటుంది. బరువుగా ఉందంటే కపటమని అర్థం కాదు. మనస్సు ఇంకా రాని చోటికి విధేయత ముందుగా వెళ్ళడం తరచుగా జరుగుతుంది.

నోటి విషయం వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగి చెబుతాను, దినదిన జీవితంలో మన స్వభావం ఎక్కువగా బయటపడేది మాటలోనే గనుక. ‘యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము’ అని దావీదు 141వ కీర్తనలో ప్రార్థించాడు. ఇప్పుడు మన నోటికి వేళ్ళు కూడా తోడయ్యాయి. ఫోనులో వచ్చిన వార్తను చూడగానే మరొకరికి పంపించడం, కోపం వచ్చిన క్షణంలోనే సందేశం టైపు చేయడం, గుంపులో ఒకరిని గుచ్చేలా అందరికీ అని వ్రాయడం, ఇవన్నీ మాటలే. లేని వార్తను పుట్టించకూడదని నిర్గమకాండము 23వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది; నిజమో కాదో చూడకుండా పంపించేవాడు తాను పుట్టించలేదు గదా అని తప్పించుకోలేడని నా దృఢమైన అభిప్రాయం, సంఘానికీ సువార్తకూ సంబంధించిన వార్త అయితే మరీను. వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి, కోపించడానికి నిదానించాలి అని యాకోబు చెప్పిన మూడింటినీ పాటించడానికి ఫోను చక్కటి సాధకశాల. కోపంతో వ్రాసినదాన్ని పంపకుండా పక్కన పెట్టి, మరునాటి ఉదయం వాక్యం చదివిన తరువాత మళ్ళీ చూస్తే, అందులో పంపదగినది ఎంతో తక్కువ మిగులుతుంది. నిజంగా చెప్పవలసిన మాట అందులో ఉంటే అది మరునాటికి కూడా నిజమే, పైగా మృదువుగా చెప్పడానికి అప్పుడు వీలవుతుంది. మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుందని సామెతలు చెప్పింది ఎదుటివారి క్రోధాన్ని గురించే అయినా, అది పలికేవాడి క్రోధాన్ని కూడా చల్లారుస్తుంది.

ఎవరూ చూడని చోట ఏర్పడే స్వభావాన్ని గురించి చెప్పాలంటే యోసేపును విడిచిపెట్టలేం. అన్నలు అమ్మివేసేనాటికి అతడు పదిహేడేండ్లవాడు, ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పది సంవత్సరాలవాడు. ఈ మధ్యనున్న పదమూడేళ్ళూ దాసత్వంలో, చెరసాలలో గడిచాయి. యజమానుడైన పోతీఫరు భార్య శోధనను అతడు జయించిన రోజును మనం గొప్పగా చెప్పుకొంటాం; ఆమె దినదినము అతనితో మాట్లాడుతూ వచ్చిందనీ, అతడు దినదినమూ నిరాకరించాడనీ వాక్యం చెప్పడాన్ని అంతగా పట్టించుకోము. వస్త్రం విడిచి పారిపోయిన ఆ ఒక్క నిమిషానికి బలం, ఎవరూ లెక్కపెట్టని ఆ దినాల నుండి వచ్చింది.

నాకు దానికన్నా ఎక్కువగా హత్తుకొనేది ఆదికాండము 40వ అధ్యాయంలోని చిన్న సంగతి. చేయని నేరానికి చెరలో ఉన్న యోసేపు ఒక ఉదయం పానదాయకుల అధిపతి, భక్ష్యకారుల అధిపతి చింతాక్రాంతులై ఉండడం చూసి, నేడు మీ ముఖములు ఎందుకు చిన్నబోయి ఉన్నాయని అడిగాడు. తన అన్యాయాన్ని తలచుకొని కుమిలిపోవడానికి అన్ని హక్కులూ ఉన్నవాడు ఎదుటివారి ముఖాలు చూశాడు. ఆ ప్రశ్న అడగకపోతే కలల సంగతి బయటికి వచ్చేదే కాదు. అంతటి దయ చేసినా పానదాయకుల అధిపతి అతణ్ణి మరచిపోయాడు, రెండు నిండు సంవత్సరాలు గడిచాయి. దయకు వెంటనే ప్రతిఫలం దొరకాలని చూసేవారు ఆ రెండు సంవత్సరాలను కూడా కలుపుకొని ఈ కథ చదవాలి. దానియేలు గురించి ఇంత చెప్పనవసరం లేదు. సింహాల గుహకు భయపడకుండా మోకరించిన ఆ మనిషి, యథాప్రకారంగా అనుదినం మూడుసార్లు చేస్తున్నదాన్నే ఆ రోజు కూడా చేశాడు.

సద్గుణాలకు నకిలీలు కూడా ఉన్నాయని ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఈ విషయంలో సంఘాలలో చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, గాయపడ్డారు. భయంతో నోరు మెదపకపోవడానికి సాత్వికమని పేరు పెట్టడం, కొట్టే భర్తను భరిస్తూ ఉండడమే దీర్ఘశాంతమని బోధించడం, సంఘపు డబ్బు లెక్క అడిగినవారిని విధేయత లేనివారని నిందించడం, ఇవన్నీ వాక్యాన్ని వంకర చేయడమే. సాత్వికుడైన యేసు ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చరచినప్పుడు, నేను మంచి మాట పలికితే నన్ను ఎందుకు కొడుతున్నావని అడిగాడు. ఫిలిప్పీలో న్యాయం విచారించకుండా బహిరంగంగా కొట్టించి, తరువాత రహస్యంగా పంపివేయబోయిన అధికారులను, తామే వచ్చి మమ్మును వెలుపలికి తీసుకొనిపోవాలని పౌలు నిలదీశాడు. అంతకుముందు రాత్రి చెరసాలలో కీర్తనలు పాడినవాడు అతడే. దీర్ఘశాంతమూ న్యాయం అడగడమూ ఒకే మనిషిలో, ఒక రాత్రీ మరుసటి ఉదయమూ కలిసి ఉండగలిగాయి. సాత్వికం అంటే బలం లేకపోవడం అనుకొనేవారికి నేను ఈ రెండు సంఘటనలనే చూపిస్తాను.

మన సమరయ ఎక్కడుందో మనకే తెలుస్తుందా? చాలాసార్లు తెలియదు. అమెరికాలో పద్దెనిమిదవ శతాబ్దంలో సేవ చేసిన జోనాథన్ ఎడ్వర్డ్స్ తన యౌవనంలో, 1722, 1723 సంవత్సరాలలో, తన నడవడిని సరిచూసుకోవడానికి 70 తీర్మానాలు వ్రాసుకొన్నాడు. వాటిని వారానికొకసారి చదువుకోవాలని నిశ్చయించుకొన్నాడు. అంతటి ఆత్మపరీక్ష చేసుకొన్న మనిషి 1731లో న్యూపోర్ట్‌లో వీనస్ అనే బానిస బాలికను కొనుగోలు చేశాడు. ఆంగ్ల కీర్తనకారుడైన జాన్ న్యూటన్ సంగతి కూడా ఆలోచింపజేస్తుంది. 1748లో సముద్రపు తుపానులో దేవునికి మొరపెట్టి ప్రభువు వైపు తిరిగిన తరువాత కూడా ఆయన బానిసల ఓడలను నడిపాడు. 1754లో అనారోగ్యం వల్ల ఆ వృత్తి విడిచాడు. ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా తన పశ్చాత్తాపాన్ని తెలుపుతూ ప్రచురించినది 1788లో. ప్రభువు వైపు తిరిగిన గడియకూ ఆ ప్రచురణకూ మధ్య నలభై ఏళ్ళు ఉన్నాయి. వారి భక్తి అబద్ధమని చెప్పడానికి నేను ఈ సంగతులు వ్రాయడం లేదు. చుట్టూ ఉన్నవారందరూ తప్పుగా ఎంచని దాన్ని మన మనస్సాక్షి ఒంటరిగా పట్టుకోలేదని చెప్పడానికి వ్రాస్తున్నాను. మనం చదువుకొనే తీర్మానాలలో లేని పాపమే మనలో అన్నిటికంటె పెద్దది కావచ్చు.

అందుకే హెబ్రీయులకు వ్రాసిన పత్రిక, పాపము వలన కలుగు భ్రమచేత ఎవరూ కఠినపరచబడకుండునట్లు ప్రతిదినము ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవాలంటుంది. మూలనున్న మన లోపాన్ని చూడగలవారు సాధారణంగా మనతో ఒకే ఇంట ఉండేవారు, మన చేతికింద పనిచేసేవారు, మన నిర్ణయాల వల్ల నష్టపోయేవారు. వేదిక మీద మన సాక్ష్యం విన్నవారిని అడిగితే మంచి మాటే చెబుతారు. ‘నాతో ఉండడం నీకు ఎక్కడ కష్టంగా ఉంది?’ అని భార్యనో భర్తనో ఎదిగిన బిడ్డనో అడిగి, జవాబు పూర్తయ్యేవరకు ఒక్క సమర్థన కూడా చెప్పకుండా వినగలిగితే, ఆ సాయంత్రానికి ఏ గుణం కోసం ప్రార్థించాలో స్పష్టంగా తెలుస్తుంది. ఇలా అడగడం తేలిక అని నేను చెప్పను. అడిగిన తరువాత వారు చెప్పినదాన్ని వారి మీదికే తిప్పికొడితే రెండవసారి ఎవరూ నిజం చెప్పరు.

ఎదిగిన తరువాత కూడా మెలకువ అవసరమని మోషే జీవితం హెచ్చరిస్తుంది. ఒకప్పుడు కోపించి ఐగుప్తీయుని చంపినవాడు సంఖ్యాకాండము 12వ అధ్యాయం నాటికి భూమి మీద ఉన్నవారందరిలోను మిక్కిలి సాత్వికుడని పేరు పొందాడు. అదే గ్రంథం 20వ అధ్యాయంలో, బండతో మాట్లాడమని దేవుడు చెప్పగా, ద్రోహులారా అని జనులను గద్దించి రెండుసార్లు బండను కొట్టాడు. అతడు తప్పిపోయినది తన బలహీనత అని పేరుపడిన చోట కాదు, తన సద్గుణమని పేరుపడిన చోటనే. ఆ అధ్యాయం మొదట్లో మిర్యాము చనిపోయి పాతిపెట్టబడిందని ఉంది. దుఃఖం, అలసట, నీళ్ళ కోసం జనుల పాత సణుగుడు అన్నీ ఒక్కసారిగా కూడి వచ్చిన రోజు అది. సాత్వికుణ్ణని తనకు తాను నిశ్చింతగా ఉండడానికి ఎవరికీ వీలులేదు. అలసినప్పుడు, దుఃఖంలో ఉన్నప్పుడు మనం ఎలా మాట్లాడతామో ముందుగానే ప్రభువుకు అప్పగించుకోవాలి, వీలైతే ఆ రోజున కొన్ని నిర్ణయాలను, కొన్ని సంభాషణలను వాయిదా వేసుకోవాలి.

చివరిగా ఒక సంగతి. మన స్వభావం మారాలని ఇంత కోరుకొనే మనం, ఇతరుల స్వభావం మారిందని ఒప్పుకోవడానికి చాలా వెనుకాడతాం. సంఘంలో ఒకడు పదేళ్ళ క్రితం చేసిన తప్పు ఇప్పటికీ అతని పేరుకు ముందు విశేషణంగా వినిపిస్తుంది. మార్కు అనబడిన యోహాను (ఇతడు అపొస్తలుడైన యోహాను కాడు) పంఫూలియలో పౌలు బర్నబాలతో చేస్తున్న పరిచర్య విడిచి వెళ్ళిపోయాడు. అతణ్ణి మళ్ళీ వెంటబెట్టుకొని పోవడం తగదని పౌలు తలంచాడు, ఆ విషయమై బర్నబాకూ అతనికీ తీవ్రమైన వాదం వచ్చి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును తనతో కుప్రకు తీసుకొనిపోయాడు. బర్నబా అక్కడ అతణ్ణి ఎలా నడిపించాడో వ్రాయబడలేదు. ఎదిగే మనిషికి చోటు ఇవ్వడమే ఆదరణ పుత్రుడని పేరు పొందినవాడు చేసిన పని. అందులో పౌలు వంతు కూడా ఉంది. తన పాత తీర్పును అతడు పట్టుకొని కూర్చోలేదు. కొలొస్సయులకు వ్రాస్తూ మార్కు మీ దగ్గరికి వస్తే అతణ్ణి చేర్చుకొనండి అన్నాడు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, లూకా తప్ప దగ్గర ఎవరూ లేని సమయంలో, మార్కు పరిచారం నిమిత్తం నాకు ప్రయోజనకరమైనవాడు, అతణ్ణి వెంటబెట్టుకొని రమ్మని కబురు పంపాడు. ఒకప్పుడు తగదని తాను పక్కన పెట్టిన మనిషిని గురించి పౌలు ఆ మాటను తన చేతిమీదుగా వ్రాయించి పంపాడు, సంఘాలన్నీ చదివేలా.